ఎవరు అచ్చుకిచ్చారు, ఎవరు ఆపారు?
ఒక పాత పత్రిక పరిశీలన చరిత్ర – మనం నేర్చుకోదగిన పాఠం

ఉర్దూలో ‘తారీఖ్’ అనే మాట ఒక్కటే, అర్థాలు మాత్రం రెండు. ఒకటి తేది, రెండవది చరిత్ర. బడిలో పిల్లవాడు ఈ రోజు తారీఖ్ ఎంత అని అడిగినా అదే మాట, తారీఖ్ పాఠం చెప్పండి సార్ అని అడిగినా అదే మాట. ఈ రెండూ ఒకే మాటలో ఇమిడి ఉండటంలో ఒక నీతి ఉందని నాకు తోస్తుంది. తేది తప్పిన చరిత్ర కథగా మారిపోతుంది. కథ వినడానికి బాగానే ఉంటుంది. కానీ అది ఒకరికి రావలసిన పేరును ఇంకొకరికి కట్టబెడుతుంది, చేయని పనిని చేసినట్టు చెబుతుంది, జరిగిన అన్యాయాన్ని మరుగున పడేస్తుంది.

ఏ సంస్థ చరిత్రనైనా తీసుకోండి. మాట్లాడినవారు, వ్రాసినవారు, చందాలిచ్చినవారు అందరికీ గుర్తుంటారు. వచ్చిన వాటిలో ఏది పదిమంది ముందుకు వెళ్ళాలి, ఏది ఆగిపోవాలి అని నిర్ణయించినవారెవరు? ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం వరకు ఆ పెత్తనం వారి చేతిలో ఉన్నది? ఏ నియమాన్ని బట్టి నిర్ణయించారు? ఈ ప్రశ్నలు అడిగితే చాలామంది ‘మొదటి నుంచీ ఇట్లాగే జరుగుతోంది కదా’ అని తేల్చేస్తారు. ‘మొదటి నుంచీ’ అనే ఆ మాటే చరిత్రకు పెద్ద శత్రువు. ఆ మాట మూడువందల ఏళ్ళకు పైగా నడిచిన ఒక ప్రసిద్ధ పత్రిక విషయంలో ఎంత గందరగోళం చేసిందో, ఆ గందరగోళాన్ని పాత కాగితాలు ఎట్లా విడదీశాయో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

ఉత్తరాలతో మొదలైన పత్రిక

లండన్‌లో 1660 నవంబరులో కొంతమంది విద్వాంసులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. 1662లో రాజుగారి సనదు లభించింది. అదే రాయల్ సొసైటీ. దానికి మొదటి కార్యదర్శులలో ఒకడు హెన్రీ ఓల్డెన్‌బర్గ్. ఈయన ఇంగ్లీషువాడు కాదు, జర్మనీలోని బ్రేమెన్ ఊరివాడు. అనేక భాషలు తెలిసిన మనిషి గనుక ఐరోపాలోని పండితులతో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపే పని ఆయనకు అప్పగించారు. ఒకచోట దుర్భిణితో చూసిన సంగతి, ఇంకొకచోట రక్తాన్ని గురించి చేసిన పరీక్ష, మరొకచోట కనుగొన్న గడియారం, ఇట్లా నానా దేశాల కబుర్లూ ఆయన బల్ల మీదికి వచ్చేవి. వాటిని ఒకరి నుండి ఒకరికి నకలు వ్రాసి పంపడం కంటె అచ్చు వేయడం మేలని తలచి, 1665 మార్చి 6వ తేది సోమవారం నాడు ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ అనే పత్రిక మొదటి సంచిక తెచ్చాడు. మొత్తం 16 పేజీలు.

ఇక్కడే మొదటి చిక్కు చూడండి. ఆ రోజులలో ఇంగ్లాండులో అధికారికంగా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ లెక్కన మార్చి 6 అంటే ఇంకా 1664వ సంవత్సరమే. అందుకని ఆనాటివారు 1664/5 అని రెండు సంవత్సరాలూ కలిపి వ్రాసేవారు. ఈ సంగతి తెలియనివాడు పాత కాగితం చూసి ఒక ఏడాది వెనక్కి పోతాడు. మన హిజ్రీ తేదీలను ఇంగ్లీషు తేదీలలోకి మార్చేటప్పుడు ఎంత జాగ్రత్త పడతామో, ఇక్కడా అంతే జాగ్రత్త అవసరం.

ఆ ప్రయాణం సాఫీగా సాగలేదు. 1665లో లండన్‌లో ప్లేగు వ్యాపించగా కొన్ని సంచికలు ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయ్యాయి. 1667లో ఇంగ్లాండు, హాలండు దేశాల మధ్య యుద్ధం నడుస్తుండగా, విదేశాలతో ఇన్ని ఉత్తరాలు ఏమిటని అనుమానించి ఓల్డెన్‌బర్గ్‌ను లండన్ టవర్‌లో ఖైదు చేశారు. జూన్ నుండి ఆగస్టు వరకు రెండు నెలలు ఆయన అక్కడే ఉన్నాడు. ఉత్తరాల మీద అనుమానాలు రాకుండా ఆయన తన పేరులోని అక్షరాలను తారుమారు చేసి ‘గ్రూబెండోల్’ అనే పేరుతో జాబులు తెప్పించుకునేవాడట. పరిశీలకుడి ఉద్యోగం సుఖంగా ఉండదని ఆనాడే తెలిసిపోయింది.

ఒక తీర్మానం, దానికి పెట్టిన తప్పు అర్థం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ రోజున శాస్త్ర పత్రికలలో ఒక పద్ధతి ఉన్నది. ఎవరైనా వ్యాసం పంపితే సంపాదకుడు దానిని అదే విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపి, వారి అభిప్రాయం తెప్పించుకుని, ఆ తరువాతనే అచ్చుకు ఇస్తాడు. దీనిని తోటి పండితుల పరిశీలన అంటారు. ఈ పద్ధతి 1665లో ఓల్డెన్‌బర్గ్‌తోనే పుట్టిందని ఎన్నో పుస్తకాలలో, ఉపన్యాసాలలో చెబుతూ వచ్చారు.

దానికి ఆధారంగా చూపే కాగితం ఒకటుంది. 1665 మార్చి 1వ తేదిన రాయల్ సొసైటీ కౌన్సిలు ఒక తీర్మానం చేసింది. చాలినంత విషయం ఉన్న పక్షంలో ఓల్డెన్‌బర్గ్ కూర్చిన పత్రిక ప్రతి నెలా మొదటి సోమవారం నాడు వెలువడాలనీ, దానికి కౌన్సిలు లైసెన్సు ఇవ్వాలనీ, అంతకు ముందు సభ్యులు కొందరు దానిని చూడాలనీ ఆ తీర్మానం సారాంశం. ఇందులో ‘సభ్యులు కొందరు చూడాలి’ అన్న మాటను పట్టుకుని, ఇదిగో పండితుల పరిశీలన ఇక్కడే పుట్టిందని చెప్పారు. 1971లో హారియెట్ జుకర్‌మన్, రాబర్ట్ మెర్టన్ అనే ఇద్దరు సమాజ శాస్త్రవేత్తలు వ్రాసిన వ్యాసంతో ఈ మాటకు మంచి ప్రచారం వచ్చింది.

కాగితం అబద్ధం కాదు, తేది అబద్ధం కాదు. అర్థం మాత్రం తప్పింది. ఎందుకంటే 1662లో ఇంగ్లాండు పార్లమెంటు అచ్చు మీద ఒక లైసెన్సు చట్టం చేసి ఉన్నది. రాజ్యానికి గానీ మతానికి గానీ విరుద్ధమైనది అచ్చు కాకుండా, ప్రతి కాగితానికీ ముందుగా అనుమతి ఉండాలి. రాయల్ సొసైటీకి తన పేరున అనుమతి ఇచ్చుకునే హక్కు ఉన్నది. ఆ హక్కును వాడేటప్పుడు, తమ పేరుకు మాట రాకుండా, సర్కారుకు కోపం తెప్పించేది ఏదీ లేదని చూసుకోవడమే ఆ ‘చూడటం’. ఇందులో ఒక్కొక్క వ్యాసంలోని శాస్త్రం నిజమా కాదా అని ఇద్దరు నిపుణులు విడివిడిగా తేల్చి చెప్పడం అన్నది లేదు. ఏ ఉత్తరం వేయాలి, దేనిని కుదించాలి, దేనిని పక్కన పెట్టాలి అన్నది ఓల్డెన్‌బర్గ్ ఒక్కడి ఇష్టం. పైగా ఈ పత్రిక సొసైటీది కాదు, తన సొంత వ్యవహారమని ఆయనే పత్రికలో ప్రకటించాడు. లాభం వచ్చినా నష్టం వచ్చినా ఆయనదే.

ఈ చిక్కును విప్పినవారు ఈ కాలపు చరిత్రకారులే. 2015లో ఆ పత్రికకు 350 ఏళ్ళు నిండిన సందర్భంలో వేడుకలు జరిగాయి. ఐలీన్ ఫైఫ్, నోవా మాక్స్‌హామ్ మొదలైనవారు రాయల్ సొసైటీ భాండాగారంలోని కౌన్సిలు తీర్మానాలు, జమాఖర్చులు, పరిశీలకుల నివేదికలు ఒక్కొక్కటీ తిరగేసి, 2022లో పెద్ద గ్రంథమే తెచ్చారు. వారు చేసిన పని చిన్నదిగా కనిపిస్తుంది. నియమం ఏమిటో ఒక పక్క, నిజంగా జరిగినది ఏమిటో మరొక పక్క పెట్టి చూశారు. అంతే. కానీ అంతటితో మూడు శతాబ్దాల కథ మారిపోయింది.

పెత్తనం చేతులు మారిన క్రమం

1677 సెప్టెంబరులో ఓల్డెన్‌బర్గ్ చనిపోయాడు. ‘అప్పటి నుంచి పత్రిక నిరాటంకంగా నడిచింది’ అని వ్రాస్తే సుఖంగా ఉంటుంది గానీ నిజం అది కాదు. నెహెమియా గ్రూ అనే వృక్షశాస్త్రవేత్త కొద్ది సంచికలు తెచ్చాడు. తరువాత పత్రిక ఆగిపోయింది. 1679 నుండి 1682 వరకు రాబర్ట్ హుక్ ‘ఫిలసాఫికల్ కలెక్షన్స్’ అని వేరే పేరుతో ఒక పత్రిక నడిపాడు. 1683లో రాబర్ట్ ప్లాట్ పాత పేరును మళ్ళీ నిలబెట్టాడు. తరువాత కొంతకాలం తోకచుక్కకు పేరిచ్చిన ఎడ్మండ్ హాలీ చూశాడు. మధ్యలో మళ్ళీ ఖాళీ. 1695 నుండి 1713 వరకు వైద్యుడు హాన్స్ స్లోన్ చేతిలో ఉన్నది.

స్లోన్ కాలంలో ఏది పడితే అది అచ్చు వేస్తున్నాడని విమర్శ వచ్చింది. విలియం కింగ్ అనే రచయిత 1700లో దాని మీద ఒక పరిహాస పుస్తకమే వేశాడు. అర్ధ శతాబ్దం తరువాత జాన్ హిల్ అనే ఆయన పత్రికలో అచ్చయిన విచిత్ర వ్యాసాలను ఏరి 1751లో సొసైటీని వీధిలోకి లాగాడు. ఇక్కడ న్యాయం ఏమిటి? పత్రిక కార్యదర్శిది, అపకీర్తి సొసైటీది. జనానికి ఆ తేడా తెలియదు.

చివరికి 1752లో సొసైటీ ఒక నిర్ణయానికి వచ్చింది. పత్రికను తన చేతిలోకి తీసుకుని, వ్యాసాలను ఎంచడానికి ‘కమిటీ ఆఫ్ పేపర్స్’ అని ఒక కమిటీ వేసింది. సభలో చదివిన వ్యాసాలను కమిటీ ముందు పెట్టి, రహస్య ఓటుతో అచ్చుకు ఇవ్వాలా వద్దా అని తేల్చేవారు. ఆ సందర్భంగా 47వ సంపుటం మొదట్లో ఒక ప్రకటన అచ్చు వేశారు. అంతకు ముందు వచ్చిన సంపుటాలన్నీ ఆయా కార్యదర్శులు సొంత బాధ్యత మీద వేసినవనీ, ఇక మీదట కమిటీ ఎంచుతుందనీ, అయినా వ్యాసాలలోని సంగతులకు సొసైటీ మొత్తంగా పూచీ పడదనీ అందులో చెప్పారు.

సభ్యులారా, నా దృష్టిలో ఈ ప్రకటన ఎంతో విలువైన దస్తావేజు. ఎక్కడ ఒకరి పెత్తనం ముగిసిందో, ఎక్కడ ఇంకొకరి పెత్తనం మొదలైందో గీత గీసి చెప్పారు. 46వ సంపుటం దాకా తప్పు ఒప్పులు కార్యదర్శి ఖాతాలోకి, 47 నుండి ఎంపిక కమిటీ ఖాతాలోకి. ఇంత స్పష్టంగా గీత గీసి పెట్టినా, తరువాతి తరాలవారు ఆ గీతను చూడకుండా 1665కే ఎగిరిపోయారంటే, పండుగ ఉపన్యాసాల బలం ఎంతటిదో ఆలోచించండి.

ఆ కమిటీ కాలంలోనే మన ప్రాంతం పేరు కూడా ఆ పత్రికకు ఎక్కింది. సామర్లకోటలో ఉన్న డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ లక్క పురుగును గురించి వ్రాసిన వ్యాసం 1791లో అందులో అచ్చయింది. గోదావరి జిల్లా చెట్ల కొమ్మల మీది పురుగు కథ లండన్ కమిటీ ఓటు దాటి అచ్చులోకి వెళ్ళింది.

పరిశీలకుల నివేదికలు ఎప్పుడు వచ్చాయి?

కమిటీ ఓటు వేయడం వేరు, నిపుణుడు చదివి అభిప్రాయం వ్రాసి ఇవ్వడం వేరు. ఈ రెండవ పద్ధతికి కూడా 1665తో సంబంధం లేదు. ఎడింబరోలో 1730లలో వైద్య వ్యాసాల సంపుటం తెచ్చిన ఒక సంఘం, వచ్చిన వ్యాసాలను ఆయా విషయాలలో ప్రవేశం ఉన్నవారికి పంపి చూపిస్తామని పీఠికలో చెప్పింది. రాయల్ సొసైటీలో అది పద్ధతిగా మారింది 1830ల లోనే. విలియం హ్యూవెల్ అనే కేంబ్రిడ్జి పండితుడు, ఫ్రెంచి అకాడమీ మాదిరిగా వ్యాసాల మీద నివేదికలు వ్రాయించి అచ్చు వేద్దామని సూచించాడు. 1832లో జార్జి ఏరీ వ్రాసిన ఖగోళ వ్యాసం మీద హ్యూవెల్, జాన్ లబ్బాక్ కలిసి మొదటి నివేదిక ఇచ్చారు. ఆ మొదటి నివేదికకే ఇద్దరికీ పడలేదు. ఒకాయన వ్యాసం గొప్పతనాన్ని లోకానికి చాటాలన్నాడు. రెండో ఆయన తప్పులు ఎత్తి చూపాలన్నాడు. తరువాత కొద్ది కాలంలోనే నివేదికలు అచ్చు వేయడం మాని రహస్యంగా ఉంచసాగారు.

ఈ రహస్యం వల్ల జరిగిన ఒక సంగతి మన దేశానికి సంబంధించినది. పైగా ఉపాధ్యాయుడి కథ గనుక నాకు మరీ మనసుకు పట్టింది.

బొంబాయి ఉపాధ్యాయుని వ్యాసం

జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ అనే స్కాట్లండు వ్యక్తి బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ నౌకాదళపు కుర్రవాళ్ళకు పాఠాలు చెప్పేవాడు. తీరిక వేళల్లో ఆలోచించి 1845లో ఒక వ్యాసం వ్రాసి లండన్‌కు పంపాడు. గాలి వంటి వాయువులలో కంటికి కనబడని కణాలు అన్ని దిక్కులకూ పరుగెత్తుతుంటాయనీ, వేడి అంటే ఆ పరుగేననీ, ఉష్ణోగ్రత ఆ వేగపు వర్గాన్ని అనుసరించి ఉంటుందనీ అందులో చెప్పాడు. ఇప్పుడు ఇవి మన పిల్లల పాఠ్యపుస్తకంలో ఉన్న సంగతులే.

ఆ వ్యాసం పరిశీలకుల దగ్గరకు వెళ్ళింది. అది ఒట్టి అర్థంలేని మాటలని, సభలో చదవడానికి కూడా తగదని ఒక పరిశీలకుడు వ్రాశాడు. పత్రికలో కొద్ది పంక్తుల సారాంశం తప్ప మరేమీ రాలేదు. సభలో చదివిన వ్యాసం సొసైటీ సొత్తు అన్న నియమం ఉన్నందున అసలు ప్రతిని తిరిగి ఇవ్వలేదు. అతని దగ్గర నకలు లేదు. 1850లు, 60లలో క్లాసియస్, మాక్స్‌వెల్ అనే మహనీయులు అదే దారిలో స్వతంత్రంగా నడిచి కీర్తి పొందారు. వాటర్‌స్టన్ 1857లో బొంబాయి వదిలి స్వదేశం వెళ్ళాడు. 1883లో ఒక రోజు ఎడింబరోలో ఇంటి నుండి నడకకు వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు.

తరువాత సొసైటీ కార్యదర్శిగా ఉన్న లార్డ్ రేలీ, వాటర్‌స్టన్ 1858లో ధ్వని మీద వ్రాసిన వేరొక వ్యాసం చదువుతూ, పాత వ్యాసాన్ని గురించిన ప్రస్తావన గమనించాడు. భాండాగారంలో వెతికించాడు. దొరికింది! 46 ఏళ్ళుగా అక్కడే ఉన్నది. 1892లో రేలీ తన ముందుమాటతో దానిని పూర్తిగా అదే పత్రికలో అచ్చు వేయించాడు. పరిశీలకుడి మాటను కూడా దాచకుండా అందులో చెప్పాడు.

ఇక్కడ రెండు సంగతులు గమనించండి. పరిశీలన జరిగితే చాలు, న్యాయం జరిగినట్టే అనుకోవడం పొరపాటు. నిపుణులు కూడా తప్పుతారు. ఇది మొదటిది. రెండవది ఇంకా ముఖ్యం. తిరస్కరించిన కాగితాన్ని చించి పారవేయలేదు. తిరస్కరించిన కారణాన్నీ భద్రపరిచారు. అందువల్లనే ఆ మనిషి పోయిన తరువాతనైనా అతని పేరు అతనికి దక్కింది. అచ్చయిన సంచికల వరుస మాత్రమే దాచి, ఆపిన కాగితాలను తగలబెట్టి ఉంటే, వాటర్‌స్టన్ అనే ఉపాధ్యాయుడు చరిత్రలోనే లేకుండా పోయేవాడు.

ఐన్‌స్టీన్ కోపం, ఒక పద్దు పుస్తకం

ఇంకొక ఉదాహరణ. 1936లో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, నాథన్ రోజెన్ కలిసి గురుత్వ తరంగాలు లేవని తేల్చే ఒక వ్యాసాన్ని అమెరికాలోని ‘ఫిజికల్ రివ్యూ’ పత్రికకు పంపారు. సంపాదకుడు జాన్ టేట్ దానిని ఒక పరిశీలకుడికి పంపి, ఆయన చూపిన అభ్యంతరాలను ఐన్‌స్టీన్‌కు తెలియజేశాడు. ఐన్‌స్టీన్‌కు కోపం వచ్చింది. అచ్చు వేయమని పంపాను గానీ ఇంకొకరికి చూపించమని చెప్పలేదు కదా అని వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాడు. కొంతకాలానికి అందులోని తప్పు తెలిసి, నిర్ణయాన్ని మార్చుకుని, 1937లో వేరే పత్రికలో వేయించాడు. పరిశీలకుడు చెప్పినదే సరి అయ్యింది.

ఆ పరిశీలకుడు ఎవరు? దాదాపు 70 ఏళ్ళు ఊహలే తప్ప రుజువు లేదు. 2005లో డేనియల్ కెనెఫిక్ అనే చరిత్రకారుడు దీనిని తేల్చాడు. ఆ పత్రిక ఆఫీసులో వ్యాసం ఏ రోజు వచ్చింది, ఏ రోజు ఎవరికి పంపారు, ఏ రోజు తిరిగి వచ్చింది అని వ్రాసుకున్న పాత పద్దు పుస్తకం దొరికింది. అందులో హోవర్డ్ పెర్సీ రాబర్ట్‌సన్ పేరు ఉన్నది. ఎవరో గుమాస్తా ఆనాడు సిరాతో వ్రాసిన ఒక్క పంక్తి, పెద్ద పెద్ద వాదాలను ముగించింది. ఇంతకూ ఐన్‌స్టీన్ మొదట లేవన్న ఆ తరంగాలను 2015లో యంత్రాలు పట్టుకున్నాయి.

అట్లే ‘శాస్త్ర పత్రికలన్నీ ఎప్పుడూ పరిశీలించే వేసేవి’ అనే మాటనూ తేదీలు ఒప్పుకోవు. ‘నేచర్’ అనే ప్రసిద్ధ పత్రికలో బయటి పరిశీలన తప్పనిసరి నియమం అయ్యింది 1973లోనే. 1953లో వాట్సన్, క్రిక్ వ్రాసిన డి.ఎన్.ఎ. వ్యాసం అటువంటి పరిశీలన లేకుండానే అందులో అచ్చయింది.

మన గొప్పలకూ ఇదే త్రాసు

లండన్‌వారి గొప్పను త్రాసులో వేశాం. ఇప్పుడు మన గొప్పను కూడా అదే త్రాసులో వేయాలి. లేకపోతే అది న్యాయం కాదు.

మన సభలలో కొందరు వక్తలు చెప్పే మాట ఒకటుంది. పండితుల పరిశీలనను కనుగొన్నది ఇంగ్లీషువారు కాదనీ, 9వ శతాబ్దంలోనే ఇస్‌హాక్ బిన్ అలీ అర్‌రుహావీ అనే హకీం ‘అదబుత్తబీబ్’ అనే అరబ్బీ గ్రంథంలో చెప్పాడనీ అంటారు. గ్రంథం నిజంగానే ఉన్నది. టర్కీలోని ఎదిర్నెలో దాని వ్రాతప్రతి భద్రంగా ఉన్నది. 1967లో మార్టిన్ లెవీ దానికి ఇంగ్లీషు అనువాదం చేశాడు. 2002లో రే స్పైయర్ అనే ఆయన పరిశీలన చరిత్ర మీద వ్రాసిన వ్యాసంలో దీనిని ప్రస్తావించడంతో ఈ మాట లోకమంతా పాకింది.

రుహావీ చెప్పినదేమిటో చూడండి. వైద్యుడు రోగిని చూసినప్పుడల్లా రోగ లక్షణాలు, ఇచ్చిన మందు వ్రాసి, ఒక ప్రతిని రోగి ఇంటివారి దగ్గర ఉంచాలి. రోగి చనిపోయిన పక్షంలో ఆ కాగితాలను పెద్ద వైద్యుల ముందు పెట్టాలి. వైద్యం సరిగా జరిగిందా, నిర్లక్ష్యం జరిగిందా అని వారు తేల్చాలి. ఎంత గొప్ప ఆలోచన! ఈ రోజు పెద్ద ఆసుపత్రులలో కూడా రోగి కుటుంబానికి కాగితాలు దొరకడం కష్టమవుతున్నప్పుడు, వెయ్యేళ్ళకు పైబడి ఆ హకీం ఇంత మాట చెప్పాడు. కానీ అది అచ్చుకు ముందు వ్యాసాన్ని పరిశీలించడం కాదు. ఆ కాలానికి అచ్చు పత్రికలే లేవు. పైగా ఆ రుహావీ క్రైస్తవుడా ముస్లిమా అన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. కాబట్టి వైద్యుని జవాబుదారీతనం చరిత్రలో ఆయనకు పెద్దపీట వేద్దాం. ఆయన చేయని పనిని ఆయనకు అంటగట్టవద్దు. నిజమైన గొప్పకు అబద్ధపు ఊతకర్ర అక్కరలేదు.

నిజానికి ఈ క్రమశిక్షణ మనకు కొత్త కాదు. హదీసు విద్వాంసులు ఒక మాటను అంగీకరించే ముందు, దానిని ఎవరు ఎవరి నోట విన్నారు, ఇద్దరూ ఒకే కాలంలో ఉన్నారా, కలుసుకునే వీలు ఉన్నదా అని విచారించేవారు. ఇమాం బుఖారీ అటువంటి ఉల్లేఖకుల వివరాలతో కూర్చిన గ్రంథం పేరు ‘అత్తారీఖుల్ కబీర్’. చూశారా, మళ్ళీ అదే ‘తారీఖ్’! మాట ఎంత మంచిదైనా, దానిని మోసుకొచ్చిన మనిషి తేదీ సరిపోకపోతే అనుమానించడమే వారి పద్ధతి.

మనం చేయదగినది

ఇదంతా లండన్ పండితుల గొడవ, మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. మన సొసైటీ వంటి చిన్న సంఘాలలో కూడా ప్రతి ఏడూ దరఖాస్తులు వస్తాయి. స్కాలర్‌షిప్పు ఎవరికి, వైద్య సహాయం ఎవరికి, సావనీరులో ఎవరి రచన వేయాలి అని కొందరు కూర్చుని నిర్ణయిస్తారు. పది పదిహేనేళ్ళ తరువాత ఎవరైనా అడిగితే, ‘మొదటి నుంచీ ఇట్లాగే’ అనే జవాబు తప్ప మన దగ్గర ఏముంటుంది? అందుచేత పై చరిత్ర నుండి నాకు తోచిన కొన్ని సంగతులు మనవి చేస్తున్నాను.

మొదటిది, ప్రతి బాధ్యతకూ మొదలైన తేది, ముగిసిన తేది రెండూ వ్రాయాలి. పేరు ఒక్కటి వ్రాస్తే చాలదు. ఖాళీ ఉంటే ఖాళీ అనే వ్రాయాలి. 1679 నుండి 1682 వరకు ఆ పత్రిక ఆగిపోయిందని ఒప్పుకున్నంత మాత్రాన దాని పరువు పోలేదు.

రెండవది, నియమం వేరు, ఆచరణ వేరు. కాగితం మీద ‘సభ్యులు చూడాలి’ అని ఉన్నంత మాత్రాన చూసినట్టు కాదు, ఎందుకు చూశారో తెలిసినట్టూ కాదు. నియమం ఏ రోజు మారిందో, మారిన తరువాత నిజంగా ఏం జరిగిందో రెండూ వ్రాసుకోవాలి.

మూడవది, కాదన్న దరఖాస్తును కూడా దాచాలి, కారణం ఒక్క వాక్యంలోనైనా వ్రాసి పెట్టాలి. ఈ రోజు మనం కాదన్న బీదవాని మాట రేపు నిజమని తేలవచ్చు. ఆ కుటుంబానికి న్యాయం చేయాలన్నా కాగితం ఉండాలి కదా.

నాలుగవది, నిన్నటి పనికి నేటి పేరు పెట్టకూడదు. అప్పటివారు ఏ మాట వాడారో ఆ మాటే వ్రాయాలి.

ఐదవది, వార్షికోత్సవ ఉపన్యాసం కంటె ఆనాటి మినిట్స్ పుస్తకం నమ్మదగినది. ఉపన్యాసంలో ఉత్సాహం ఉంటుంది, మినిట్స్‌లో తేది ఉంటుంది. రెండూ తగవు పడితే తేదీనే నమ్మాలి.

పదవిలో ఉన్నవారికి ఇవన్నీ కొంచెం ఇబ్బందిగానే ఉంటాయి. తాము ఆపిన కాగితం మీద తమ సంతకం ఉండటం ఎవరికీ ఇష్టం ఉండదు. అయితే ఆ సంతకమే వారికి రక్షణ కూడా. స్లోన్ వేసిన వ్యాసాలకు సొసైటీ అపకీర్తి మోసినట్టు, ఒకరు చేసినదానికి ఇంకొకరు మాట పడకుండా ఉండాలంటే, ఎవరి ఖాతా వారిదిగా వ్రాసి ఉండటమే మార్గం.

మన పెద్దలు బీరువాలలో, ట్రంకు పెట్టెలలో దాచిన పాత రిజిస్టర్లు చెదపురుగుల పాలు కాకముందే, చదువుకున్న పిల్లల చేత వాటి నకళ్ళు తీయించి, తేదీల వారీగా ఒక పట్టిక వ్రాయించమని సభ్యులందరినీ కోరుతున్నాను. ఎవరు ఏ సంవత్సరం కార్యదర్శి, ఏ నియమం ఎప్పుడు వచ్చింది, ఏ దరఖాస్తు ఎందుకు ఆగింది అని మూడు గడులు గీస్తే చాలు. ఆ పట్టికలో పొగడ్త ఒక్క మాట కూడా అక్కరలేదు. రేపు మన పిల్లలు చదువుకోబోయే మన తారీఖ్ అదే.